తుమ్ము పోయిన ఏడో మిక్సు

మార్కెట్ యార్డులో పసుపు కుప్ప ముందు నిలబడ్డ మత్తయిని కొత్తవాళ్లు చూస్తే, ఆయన కొమ్ముతో ఏదో రహస్యం మాట్లాడుతున్నాడనుకుంటారు. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక కొమ్ము తీస్తాడు. కుడిచెవి దగ్గర పెట్టుకుని, కళ్లు సగం మూసి, టుక్కున విరుస్తాడు. బాగా ఎండిన కొమ్మయితే బండ మీద రూపాయి బిళ్ల పడ్డట్టు ఖంగుమంటుంది. లోపల తేమ ఉంటే ఆ ఖంగు రాదు. నేను పొద్దున మంచం దిగేటప్పుడు నా మోకాలు చేసే చప్పుడొకటి వస్తుంది.

ఆ తేడా పట్టినందుకే రైతుల సరుకు అమ్మిపెట్టే చంద్రయ్య సేటు అడ్తి దుకాణంలో ఆయన ఇరవై ఏడేళ్లుగా గుమస్తా. కుప్ప ఎండిందా పచ్చిదా అని రైతుకూ ఖరీదుదారుకూ నడుమ పంచాయితీ వస్తే, “మత్తయి చెవికి పెట్టున్రి” అనేవారు. ఆయన చెవికి పెట్టాక ఇక మాటల్లేవు. మా ఆర్మూరులో ఇంకెవరి చెవికీ అంత గౌరవం లేదు. నా చెవికైతే ఇంట్లో కూడా లేదు.

ఈ సీజనుకు సేటు తేమ మిషిన్ ఒకటి కొన్నాడు. నాలుగు కొమ్ములు దంచి పోసి మూత పెడితే కీచుమని ఒక అంకె చూపిస్తుంది. మొదటి వారం మిషినూ మత్తయీ ఒకే మాట మీద ఉన్నారు. రెండో వారం భీమ్‌గల్ నుంచి వచ్చిన ఒక కుప్పను మత్తయి ఎండిందన్నాడు, మిషిన్ పచ్చిదంది. సేటు కాసేపు ఇద్దరి మొహాలూ చూసి మిషిన్ వైపు మొగ్గాడు.

“సీజన్ అయ్యేదాక జూద్దాం మత్తయీ,” అన్నాడు. “రెండిట్ల ఒక్కటుంటే సాలు గద.”

ఆ సాయంత్రం మత్తయి మా ఇద్దరి ఇళ్లకు నడుమ ఉన్న గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“రాజమల్లన్నా, నా చెవి పోయిందంటవా?”

“నేను మాట్లాడేది ఇనబడుతున్నదా?”

“ఇనబడుతున్నది.”

“అయితే పోలే.”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఎంత కాదన్నా యాభై నాలుగేళ్లు. ఒంట్లో ఒకటొకటిగా చేతులెత్తేసే వయసు. ఆయనకు ఉన్న ఆస్తి ఆ కుడిచెవి ఒక్కటే.

సరిగ్గా ఆ వారమే చర్చిలో కోతల పండుగ మాట వచ్చింది. పాస్టరు దయానంద్‌గారు ఏటా ఏదో ఒక కొత్తది చేస్తారు. ఈసారి జనం తమ పంటలు తెచ్చి పెడుతుండగా స్పీకర్లలో మన సంఘం పాటే మోగాలన్నారు. పాట ఉంది. మత్తయి భార్య సువార్త కట్టిన పాట. ఆమె బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, కత్తెర చప్పుడే తాళంగా పాడుకుంటుంది. ఇరవై ఏళ్లుగా గోడ ఇవతల కూర్చుని టిక్కెట్టు లేకుండా వింటున్నాను.

“హైదరాబాద్‌ల స్టూడియో చూద్దామా?” అన్నారట పాస్టరు.

“ఇంట్ల గిసొంటి చెవి పెట్టుకొని స్టూడియో ఎందుకయ్యగారూ?” అన్నాడట మత్తయి. దుబాయ్ అల్లుడు వదిలిపోయిన లాప్‌టాపు ఉంది, దాంట్లో పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేరు ఉంది, మైకు ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. పాట కుదిరితే సేటుతో సహా ఊరంతా వింటుంది. చెవి ఉన్నదో పోయిందో అప్పుడు తేలుతుంది. ఆయన లెక్క అది.

రికార్డింగు రోజు ఇంట్లో ఉన్న బొంతలన్నీ గోడలకు వేలాడాయి. ఫ్యాను బంద్. కోడిపెట్టను గంప కింద మూశారు. నన్ను మోటరు వేయొద్దన్నారు, వేయలేదు. దగ్గొద్దన్నారు, దగ్గలేదు. ఎదురుగా ఒక్కటే మైకు, దానికి అటు సువార్త, ఇటు హార్మోనియంతో మత్తయి. రెండు చరణాలు పాల మీద మీగడలా సాగాయి.

మూడో చరణం నడుమ నేను తుమ్మాను.

తప్పు నాది కాదు. పసుపు ఆరబోసే రోజుల్లో ఈ ఊరి గాలి పీల్చి తుమ్మనివాడు ఆర్మూరువాడే కాదు. కానీ నా తుమ్ము గోడ దాటింది, బొంత దాటింది, మైకులోకి పోయింది. పైగా ఒక్కటే తుమ్ము. మా ఇంటామె నెత్తి పట్టుకుంది. “మంచి పని మొదలువెడితె ఒంటితుమ్మా? ఇంకోటన్న తుమ్మరాదు, దోషం పోతది.” ఎంత ప్రయత్నించినా రెండోది రాలేదు.

“ఇంకోపారి పాడు,” అన్నాడు మత్తయి.

“పాడ,” అంది సువార్త. “ఆకు ఎండిపోతున్నది. పొద్దుగూకేవరకు బీడీలు కార్ఖానకు పోవాలె.”

“మరి తుమ్ము?”

“ఉంటే ఉండనీ. అన్న తుమ్మేగద, పాము బుస గాదు.”

“నేను తీసేస్త. మిక్సుల తీసేస్త,” అన్నాడు మత్తయి.

మిక్సు చేయడమంటే ఏమిటో అంతకుముందు నాకు తెలియదు. తెర మీద గుండ్రటి బిరడాలు వరసగా ఉంటాయి. ఒకటి తిప్పితే గొంతుకు పదును, ఒకటి తిప్పితే నిండు, ఇంకొకటి తిప్పితే గుహలో పాడినట్టు మోత. పప్పులో ఉప్పు, కారం చూసుకున్నట్టే. తిప్పి, విని, నచ్చినదాన్ని పాటగా దాచుకోవాలి. మత్తయి రోజుకొకటి చొప్పున ఏడు దాచాడు. మొదటిదాని పేరు ‘ఫైనల్’. రెండోది ‘ఫైనల్ కొత్తది’. తర్వాత ‘అసలు ఫైనల్’, ‘ఇదే ఫైనల్’. ఏడోదానికి ‘ఆమెన్’ అని పెట్టాడు.

ఇక ఏది మేలో తేల్చాలి. ఇక్కడ మత్తయి యార్డు పద్ధతి పట్టాడు. యార్డులో కుప్ప మీద రైతు పేరుండదు, లాట్ నంబరే ఉంటుంది. పేరు చూసి మొగ్గకూడదు, సరుకు చూసి మొగ్గాలి. అలాగే పాటలకూ పేర్లు తీసేసి ఒకటి నుంచి ఏడు దాకా నంబర్లు వేసి, ఖరీదుదారుల దగ్గరికి బయల్దేరాడు.

మొదటి ఖరీదుదారు ఆటో స్వామి. పెర్కిట్ నుంచి బస్టాండు దాకా నడిపే అతని ఆటోలో సీటు వెనక రెండు స్పీకర్లుంటాయి. అవి మోగితే వెనక కూర్చున్నవాళ్ల తల నూనె కూడా వణుకుతుంది. స్వామి ఏడూ విన్నాడు.

“మూడు,” అన్నాడు. “మూడుల బేసున్నది మత్తన్నా. కడమయి పేపర్ లెక్కున్నయి.”

రెండో ఖరీదుదారును నేను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాను. కళ్లు మూసుకుంటే తెలిసినవాడిలా కనబడతామని నాకు తెలుసు.

“ఐదు,” అన్నాను. “ఐదుల నిండుదనం ఉన్నది.”

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తట్టలేదు. తర్వాత గుర్తొచ్చింది, వారం కింద ఒక పెళ్లిలో బిర్యానీ గురించి అన్నాను.

పాస్టరుగారు ఫోన్లో విని, “ఆరింట్ల ఆత్మ కదులుతున్నది,” అన్నారు.

మత్తయిది ఏడు. “ఏడుల తుమ్ము లేదు. మొత్తం తీసేసిన. ఇను.”

విన్నాను. తుమ్ము రావలసిన చోట ఏదో వినబడింది. కానీ ఆయన తీసేశానన్నాడు గనుక అది ఇంకేదో అయ్యుంటుందనుకున్నాను.

“అవునే, లేదు,” అన్నాను.

మాలో మాకు పంచాయితీ మొదలైంది. మూడు అంటే మూడని స్వామి, ఐదు వినలేనివాడికి చెవులెందుకని నేను. “పోస్టాఫీసుల పొద్దంత ముద్దర్లు గుద్దే చెవులు నీయి, నీకేం తెలుస్తది రాజన్నా,” అన్నాడు స్వామి. “నీ ఆటో సైలెన్సర్ ఊడి ఆర్నెల్లయింది, నువ్వా నాకు చెప్పేది,” అన్నాను. రెండు రోజులు అతని ఆటో ఎక్కలేదు. నడిచి వెళ్లాను, కాళ్లు పీకాయి, అయినా ఐదు మీదే ఉన్నాను.

ఇంత జరుగుతుంటే సువార్త బీడీలు చుడుతూ ఒకే మాట అంటూ వచ్చింది.

“అన్నీ ఒక్కటే.”

“ఏందొక్కటే?” అన్నాడు మత్తయి.

“ఏడు ఒక్కటే. తుమ్ము గూడ యాడికి పోలే. ఏడింట్ల అన్న ఏడు పార్లు తుమ్మిండు.”

“వారం నుంచి కండ్లు గుంజంగ చేస్తున్న. నీకు చెవి లేదు సువార్తా. గీ పని చెవి ఉన్నోళ్లది.”

సువార్త ఇరవై అయిదు బీడీలు లెక్కపెట్టి దారం చుట్టి కట్ట పక్కన పడేసింది. ఆ పడేసిన తీరు చూసి నేను మెల్లగా లేచి మా ఇంట్లోకి వచ్చేశాను. భార్యాభర్తల నడుమ పొరుగువాడు ఉండకూడదు. గోడ అవతల ఉండి వినాలి.

శనివారం మధ్యాహ్నం సువార్తే పిలిచింది. “అన్నా, జర రా. సాచ్చెం కావాలె.”

వెళ్లేసరికి మత్తయి పెద్దమనిషి తీరుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లాప్‌టాపు ఆమె వైపు తిరిగి ఉంది, తెర ఆయనకు కనబడదు.

“నేను గుమస్తాను, నువ్వు ఖరీదుదారువు,” అందామె. “మూడు లాట్లు పెడుత. ఏది మంచిదో చెప్పు.”

“పెట్టు,” అన్నాడు మత్తయి. కుడిచెవి ముందుకు పెట్టాడు.

మొదటిది మోగింది. “పచ్చిగున్నది,” అన్నాడు. “గొంతు లోపల్నే ఉండిపోయింది.”

రెండోది మోగింది. “గిదీ. గిది ఎండింది. ఖంగుమంటున్నది సూడు అన్నా.”

చూశాను. ఖంగుమంటున్నట్టే ఉంది.

మూడోది మోగింది. “జర ఎక్కువ ఎండింది. పదును మోపైంది. రెండోది పక్కా.”

సువార్త పాట ఆపింది. “ఏందయ్యా, సేటు ఒకపారి ఒక్క కుప్పను రెండు జేసి నలబై ఒకటి, నలబై రెండు అని నంబర్లేసిండంటివి గద. ఖరీదుదారు ఒకదాన్ని మెచ్చిండు, ఒకదాన్ని తిట్టిండంటివి.”

“అవు. మస్తు నవ్వినం ఆనాడు.”

“నేను మూడు పార్లు ఒక్కటే పాట పెట్టిన.”

గంప కింద లేకపోయినా కోడిపెట్ట కూడా ఊరుకుంది.

“అబద్దం,” అన్నాడు మత్తయి.

ఆమె తెర తిప్పి చూపించింది. తర్వాత వేలు పెట్టి అడిగింది. “గీ బిరడాల పక్కన ఎర్రగ ఒకటి ఎలుగుతున్నది. వారం నుంచి ఎలుగుతనే ఉన్నది. ఏందిది?”

“గది రికార్డింగ్ గుర్తు.”

“మనం రికార్డింగ్ చేస్తలేం గద.”

మత్తయి దగ్గరికి వంగి చూశాడు. అక్కడ చిన్న అక్షరాలతో బైపాస్ అని ఉంది. ఆ ఎర్రది వెలుగుతున్నంతసేపు పాట బిరడాల వాడకట్టుకు రాకుండా పక్క దారిన పోతుందన్నమాట. మన హైవే బైపాసే. ఊళ్లో నువ్వు ఎన్ని తోరణాలు కట్టుకో, బస్సు ఊళ్లోకి రాదు. వారం రోజులు ఆయన బిరడాలు తిప్పాడు, బిరడాలు తిరిగాయి, పాటకు ఒక్కటీ తగల్లేదు. ఏడు పాటలూ ఆ రోజు మైకు విన్నదే, తుమ్ముతో సహా.

“ఒత్తి చూడరాదు,” అంది సువార్త.

ఒత్తాడు. ఎర్రది ఆరిపోయింది. ఏడు రోజుల బిరడాలూ ఒక్కసారి పాట మీద పడ్డాయి. ఏం చెప్పాలి. సువార్త గొంతు రేకుల డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టయింది. హార్మోనియం బావిలోంచి మొత్తుకుంది. నా తుమ్ము గుట్ట మీదికి పోయి మూడుసార్లు తిరిగొచ్చింది.

“బంద్ చేయ్,” అన్నాన్నేను.

మళ్లీ ఒత్తాడు. ఎర్రది వెలిగింది. పాట పాటలా ఉంది.

వార్త పాకడానికి గంట పట్టలేదు, ఎందుకంటే స్వామికి నేనే చెప్పాను. అతని మూడూ, నా ఐదూ ఒకే కుప్ప అని తెలిశాక ఇద్దరం కాసేపు రోడ్డు వైపు చూశాం. తర్వాత అతను “ఎక్కు రాజన్నా,” అన్నాడు, ఎక్కాను. పాస్టరుగారు మాత్రం తడబడలేదు. “ఆత్మ ఆరింట్లనే ఉన్నదని నేను అనలేదే. ఏడింట్లనూ ఉన్నది,” అన్నారు. చదువుకున్నవాళ్లు వేరు.

మాకు అది నవ్వులాట. మత్తయికి కాదు. సోమవారం పొద్దున ఆయన యార్డుకు పోలేదు. ఒంట్లో బాగలేదన్నాడు. గోడ మీదుగా చూస్తే చెంబు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

“అన్నా,” అన్నాడు మెల్లగా. “లేని తేడా ఇన్న నేను. ఖంగుమన్నదంటి. ఇరవై ఏడేండ్లు యార్డుల గూడ గిట్లనే ఇన్ననేమో. రైతు మొగం జూసి, కుప్ప రంగు జూసి, నోటికొచ్చింది చెప్పిననేమో. మిషినే కరెక్టేమో.”

వారం కింద ఇదే మనిషితో తుమ్ము లేదని చెప్పినవాణ్ని, నా మాటకు విలువేముంది. సువార్తే చాట పక్కన పెట్టి లేచింది. లోపలికి పోయి పసుపు కొమ్ములు తెచ్చింది. కొన్ని డబ్బాలో బాగా ఎండినవి. కొన్ని రాత్రి తడిబట్టలో చుట్టి పెట్టినవి. అంటే ఆమెకు ముందు రోజే తెలుసు, సోమవారం ఈయన ఇలా కూర్చుంటాడని. ఆయన కళ్లకు తువ్వాల కట్టింది.

“మొగం జూసి చెప్పినవో, చెవితోని చెప్పినవో తేలుస్త. అన్నా, నువ్వు ఇరువు.”

ఆయన చెవి దగ్గర నేను ఒకటి విరిచాను.

“ఎండింది.”

ఇంకొకటి.

“పచ్చి.”

ఇంకొకటి.

“పైన పచ్చి, కడుపుల ఎండింది.”

సువార్త తలూపింది. నాలుగు, ఐదు సరిగ్గానే చెప్పాడు. ఆరోసారి ఆమె సైగ చేసింది. మొదట విరిచిన కొమ్ములో మిగిలిన సగం ముక్కే మళ్లీ నా చేతిలో పెట్టింది. అదే యార్డు ఎత్తు. విరిచాను. మత్తయి తల కొంచెం పక్కకు వంచాడు. సువార్త చేతులు బీడీ లేకుండానే చుడుతున్నాయి.

“గిది ఇందాకటిదే,” అన్నాడు మత్తయి. “మొదలు ఇరిచినవు సూడు, దాని తోక. ఒక్క కుప్పను రెండు జేస్తున్నవ్ సువార్తా.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది, చెమట లేకపోయినా.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకునే గుణం నాకు లేదు. మా ఇంటికి పోయి ఒక శొంఠి కొమ్ము తెచ్చి ఆయన చెవి దగ్గర విరిచాను.

“రాజమల్లన్నా,” అన్నాడు తువ్వాల తీయకుండానే, “శొంఠి తీస్కపోయి మీ ఇంట్ల ఇయ్యి. చాయల ఏసుకొమ్మను. తుమ్ములన్న తగ్గుతయి.”

పదకొండింటికల్లా యార్డులో ఉన్నాడు. సేటు ముందు కూడా తువ్వాల కట్టించుకున్నాడట. పది కుప్పల సరుకు చూస్తే ఎనిమిదింట్లో మిషినూ ఆయనా ఒకే మాట. మిగిలిన రెండు కుప్పలనూ సేటు రెండు రోజులు ఎండలో పోయించి మళ్లీ తూకం వేయించాడు. ఒకదాంట్లో బరువు తగ్గింది, పచ్చిదన్న మత్తయి గెలిచాడు. ఇంకొకదాంట్లో తగ్గలేదు, ఎండిందన్న మిషిన్ గెలిచింది. సేటు చాలాసేపు ఆలోచించాడు.

“రెండూ ఉండనీ,” అన్నాడు. “కరెంటు పోయిననాడు నువ్వు, నువ్వు పాటలు రికార్డు చేసిననాడు మిషిన్.”

కోతల పండుగ నాడు నన్ను కూడా పిలిచారు. చర్చి ముందు గుమ్మడికాయలు, మక్క కంకులు, పసుపు కొమ్ముల గంపలు వరసగా పెట్టారు. సేటు వచ్చాడు, స్వామి వచ్చాడు. స్పీకర్లలో సువార్త పాట మొదలైంది. ఏ బిరడా తగలని పాట. మా గోడ అవతల ఎలా ఉంటుందో అలాగే ఉంది. మూడో చరణం దగ్గరపడుతుంటే నేను తల వంచుకుని చెప్పులు చూసుకోవడం మొదలుపెట్టాను.

తుమ్ము వచ్చింది. మైదానమంతా వినబడింది. అందరూ నావైపు తిరిగారు.

వెంటనే రెండో తుమ్ము వచ్చింది.

నేను తల ఎత్తాను. నేను తుమ్మింది ఒక్కటే, నాకు బాగా తెలుసు. పక్కన నిలబడ్డ మత్తయి ఆకాశంలోకి చూస్తున్నాడు.

“ఏం చేసినవే?” అన్నాను.

“మీ ఇంటామె ఒంటితుమ్మని మస్తు ఫికర్ చేస్తున్నదన్నవు గద. గదే తుమ్మును కోసి పక్కన ఇంకోటి అతికిన. నేను చేసిన మిక్సు గిదొక్కటే.”

ప్రార్థన అయ్యాక జనం గంపల దగ్గర గుమిగూడారు. స్వామి నా దగ్గరికి వచ్చి భుజం తట్టాడు.

“పాట మస్తున్నది,” అన్నాడు. “కని రాజన్నా, నీ తుమ్ములల్ల మొదటిది జర పేపర్ లెక్కుంది. రెండోదాంట్ల బేసున్నది.”

“లేదు,” అన్నాడు వెనకనుంచి చంద్రయ్య సేటు. “మొదటిదే ఖంగుమన్నది.”

మత్తయి, సువార్త ఒకరి మొహం ఒకరు చూసుకుని, గుమ్మడికాయలు సర్దడానికి వంగారు.